మిట్టమధ్యాహ్నపు చట్టం

నల్లగట్టు అడవిలో ఎండలు ముదిరితే ఒక్క మడుగే మిగులుతుంది. వాగులు ఇంకిపోతాయి, చెలమలు బురదవుతాయి, బతకాలనుకున్న ప్రతి జీవీ ఆ నీటికే రావాలి. అక్కడ ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో చెప్పేది మడుగు పెద్ద. ఏటా ఎండాకాలానికి ముందు అడవి అంతా కలిసి ఆ పెద్దను ఎన్నుకుంటుంది. మూడేళ్ళుగా ఆ పదవి చిరుతపులిది. నీళ్ళకు వచ్చినవాళ్ళలో ఎవరు తిరిగి వెళ్ళాలో తన ఇష్టం అన్నదే ఆయన చట్టం. దానికి ఆయన పెట్టిన పేరు స్వేచ్ఛ.

చుక్కి అనే జింక కిందటేడు ఆ గట్టు మీదే ఒక పిల్లను పోగొట్టుకుంది. ఈ ఏడు మళ్ళీ ఒక పిల్ల. ఇంకా నాలుగు గంతులేస్తే అయిదో గంతుకు తూలిపడే వయసు. పెద్ద పెద్ద మాటలు చుక్కికి పట్టవు. ఈ పిల్ల నీళ్ళు తాగి మళ్ళీ తన వెనకాలే ఇంటికి రావాలి, అంతే.

చిరుత మీద తమ తరఫున ఎవరిని నిలబెట్టాలో గడ్డిమేతల జట్టు ముందు తమలో తాము తేల్చుకోవాలనుకుంది. ఇద్దరు ముందుకొచ్చారు.

ఒకరు ముళ్ళపంది ములుకమ్మ. ఆమె చిన్న రాయెక్కి సూటిగా చెప్పింది: "నీళ్ళ గట్టు నుంచి నూరు అడుగుల దాకా వేట ఉండకూడదు. పొద్దున లేదు, సాయంత్రం లేదు, మినహాయింపు లేదు. దాహం నేరం కాదు. సగం న్యాయం అంటే పూర్తి అన్యాయమే."

రెండోవాడు అడవిపంది కోరయ్య. దుంపలు తింటాడు, దొరికితే ఇంకేదైనా తింటాడు, జట్టులో సభ్యత్వం మాత్రం పాతది. మెడ లావు, కోరలు పొడుగు, గొంతు గంభీరం. "ములుకమ్మ చెప్పినవన్నీ నాకూ ఇష్టమే," అన్నాడు. "కాని ముందు గెలవాలి కదా. గెలిచాక మెల్లమెల్లగా చేసుకుందాం."

చుక్కికి ములుకమ్మ మాట గుండెకు తగిలింది. పక్కనున్న జింకలు కూడా తలలూపాయి. ఆ రోజే ఓటు వేసుంటే కథ వేరేగా ఉండేది.

కాని ఆ జట్టుకు ఒక కట్టుబాటుంది. ఎన్నిక ముగిసేదాకా ఒక మందవాళ్ళు ఇంకో మందవాళ్ళతో ఓటు గురించి మాట్లాడకూడదు. కొమ్ములు కలబడకుండా ఎప్పుడో తాతల నాడు పెట్టుకున్నది. కాబట్టి కుందేళ్ళు ఏమనుకుంటున్నాయో జింకలకు తెలీదు, జింకలు ఏమనుకుంటున్నాయో మనుబోతులకు తెలీదు. ఏ మందకూ చెందని నక్క ఒక్కడే అందరి దగ్గరికీ తిరుగుతాడు.

తిరుగుతూ తిరుగుతూ చుక్కి దగ్గరికీ వచ్చాడు.

"వదినా, పిల్ల బాగుందే. కళ్ళు అచ్చం నీవే."

"దూరంగా ఉండి మాట్లాడు నక్కయ్యా."

"ఉంటాలే. ఒక్క మాట. నీ ఓటు ములుకమ్మకేగా? వేస్తే తప్పేం లేదు. ఆమె మాట బంగారం. నా మనసు కూడా అటే."

"మరి ఇబ్బందేంటి?"

"గెలవదు. ఎలుగుబంట్లు, కోతులు, కాకులు, ఆకూ మాంసమూ రెండూ తినేవాళ్ళ ఓటు లేకుండా పెద్ద కావడం కుదరదు. వేట పూర్తిగా బంద్ అంటే వాళ్ళు బెదురుతారు. అంతదాకా ఎందుకు, మీ జట్టులో కుందేళ్ళే వెనకాడుతున్నాయి."

"కుందేళ్ళా? అవే ఎక్కువ చస్తున్నాయి కదా."

"భయం వదినా. భయపడినవాడికి న్యాయం కనపడదు, కోరలే కనపడతాయి."

చుక్కి వాడి వైపు అనుమానంగా చూసింది. "నువ్వు తినేది చిరుత ఎంగిలి. మా గెలుపు నీకెందుకు?"

నక్క నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. "ఎంగిలి తినే బతుకు నాకు మాత్రం ముద్దా? కాని అక్కడ తింటాను కాబట్టే అక్కడి మాటలు నా చెవిన పడతాయి. ములుకమ్మ పేరెత్తితే చిరుత పకపకా నవ్వుతాడు. కోరయ్య పేరెత్తితే ఆ రోజు ముద్ద దిగదు. ఇక నీ ఇష్టం."

ఓటు వేసే చోటు వెదురు పొద వెనక. రెండు గోతులుంటాయి. ఒక్కొక్కరే వెళ్ళి, నచ్చిన గోతిలో ఒక ఉసిరికాయ వదిలి రావాలి. చుక్కి కాయ నోట పట్టుకుని ములుకమ్మ గోతి మీద తల వంచింది. కాని పొద సందుల్లోంచి పిల్ల కనపడింది. తూనీగను పట్టబోయి ముందుకాళ్ళ మీద పడింది. ఈ ఏడు ఓడిపోయే తీరిక తనకు లేదనుకుంది చుక్కి. తల పక్కకు తిప్పి కోరయ్య గోతిలో కాయ వదిలింది.

లెక్క తేలింది. ములుకమ్మకు పదకొండు కాయలు. కోరయ్య గొయ్యి నిండి పొర్లింది.

ఓటు ముగిసింది కాబట్టి నోళ్ళు తెరుచుకున్నాయి. ముసలి కుందేలు ఒకటి చుక్కి పక్కకు వచ్చి అంది: "మీ జింకలు ములుకమ్మకు వెయ్యరట కదా అక్కా. అది తెలిశాక మేమూ ఆమెకు వెయ్యలేదు."

"మేం వెయ్యబోమని ఎవరన్నారు?"

"నక్క."

"మీరు వెయ్యరని వాడు మాకు చెప్పాడు."

మనుబోతు ఒకటి మేత ఆపి తలెత్తింది. "మా మందలో అందరికీ ఆమే నచ్చింది. కాని ఎలుగుబంట్లు బెదురుతాయట, ఎలాగూ గెలవదు కదా అని..."

"ఎవరు వెయ్యకపోతే గెలవదు?" అంది చుక్కి.

అటుగా వెళ్తున్న ఎలుగుబంటి ఆగి ఇదంతా విని, ముక్కు చీది అంది: "మేం బెదురుతామని మీకు మీరే అనుకున్నారా? ఒక్క మాట అడిగి ఉండాల్సింది. కిందటేడు చిరుత నా పిల్లనూ మడుగు దగ్గరే ఎత్తుకుపోయాడు."

చుక్కి పరుగున ములుకమ్మ దగ్గరికి వెళ్ళింది. "అత్తా, మళ్ళీ వేద్దాం. అందరితో చెప్పిస్తాను."

"జట్టు పెద్దలు ఒప్పుకోరు. ఇప్పుడు చీలితే చిరుత గెలుస్తాడంటారు," అంది ములుకమ్మ. "నన్ను మనసులో గెలిపించారు కోడలా, గోతి దగ్గర ఓడించారు. మనసులో పడిన ఓట్లు ఎవరూ లెక్కపెట్టరు."

"కోపంగా ఉందా?"

"ఉంది. చిరుత మీద. మీ మీద కోపగించుకోవాలంటే అంత తీరిక ఉండాలి."

ఆ తరవాత కోరయ్య పక్కన సలహాదారుగా నక్క కూర్చున్నాడు. గెలవాలంటే ఇంకొంచెం తగ్గాలన్నాడు. నూరు అడుగులు యాభై అయ్యాయి. యాభై పది అయ్యాయి. రోజంతా కాదు, కొన్ని వేళలు చాలన్నారు. తగ్గిన ప్రతిసారీ జట్టు పెద్దలు "ఇది వ్యూహం" అని తలలూపారు. తీరా పోటీ రోజున చిరుత బండ మీద ఒళ్ళు విరుచుకుని, "నేను నిలబడటం లేదు. కోరయ్య పెద్దమనిషి. అడవికి ఆయన చాలు," అన్నాడు.

పోటీ లేకుండానే గెలిచామని గడ్డిమేతలు గంతులేశాయి. కోరయ్య మడుగు పెద్ద అయి మొదటి చట్టం చదివాడు: మిట్టమధ్యాహ్నం, నీడ గిట్టల కింద ఉన్నంతసేపు, మడుగు దగ్గర వేట నిషేధం.

ఆ వేళ చిరుత ఎలాగూ గుహలో నిద్రపోతాడు.

అయినా చుక్కి చట్టాన్ని నమ్మింది. మధ్యాహ్నం పిల్లను తీసుకుని బయల్దేరింది. మడుగు చుట్టూ ఉన్న నల్ల బండలు పెనంలా కాలుతున్నాయి. పిల్ల పది అడుగులు వేసి కూలబడింది.

"కాలుతోందమ్మా."

"ఇంకొంచెమే. ఇప్పుడైతే ఎవరూ ఏమీ చెయ్యరు."

"నడవలేనమ్మా."

చుక్కి దాన్ని మూతితో నెట్టింది, బతిమాలింది, కసిరింది. చివరికి వెనక్కి తీసుకుపోయింది. నాలుక పిడచకట్టుకుపోయిన పిల్లను సాయంత్రం, బండలు చల్లారాక, మిగతా అందరిలాగే మళ్ళీ తీసుకొచ్చింది. పిల్ల వంగి రెండు గుక్కలు తాగింది. మూడో గుక్కకు చిరుత వచ్చాడు. తొందరపడలేదు. చట్టం ప్రకారమే వచ్చాడు.

మర్నాడు కోరయ్య పరామర్శకు వచ్చాడు. రెండడుగులు వెనక నక్క, మూతి నాక్కుంటూ.

"చాలా బాధగా ఉందమ్మా," అన్నాడు కోరయ్య. "కాని ఒక్కటి ఆలోచించు. ములుకమ్మ నిలబడి ఓడిపోయుంటే ఆ మధ్యాహ్నం కూడా మనకు దక్కేది కాదు."

"చిరుతే పెద్దగా ఉన్నా నా పిల్ల ఇలాగే పోయేది కోరయ్యా," అంది చుక్కి. "కాని అప్పుడు ఓడిపోయామని మాకు తెలిసేది."

"వచ్చే ఏడు ఇంకో గంట పెంచుదాం," అన్నాడు ఆయన.

తాగే నోరు లేక చుక్కి పొదుగు గట్టిపడి నొప్పెడుతోంది. పడుకోవడానికీ కుదరక అలాగే నిలబడింది.

నీతి: పక్కవాడు ఒప్పుకోడేమోనని తన కోరికను తానే చంపుకున్నవాణ్ణి ఓడించడానికి శత్రువు నిద్ర లేవనక్కర్లేదు.