పన్నెండు పౌర్ణముల పట్నం

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాలకు అవతల ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఉండేవాడు. మాంత్రికులందరి ప్రాణాలూ చిలకల్లో ఉంటాయి కదా, వీడి ప్రాణం మాత్రం వాడిచ్చిన మాటలో ఉండేది. మాట తప్పాడా, బూడిదే!

వాడు కనకరేఖ అనే రాజకుమారిని ఎత్తుకుపోయి, విడిపించడానికి వచ్చినవాళ్లకు ఒక పందెం పెట్టేవాడు.

"ఈ బీడు నేల నీది. నలభై కుటుంబాలనిస్తాను. పౌర్ణమికొక కట్టడం, నువ్వడిగింది నా మంత్రంతో లేపుతాను. పన్నెండో పౌర్ణమికి నా రాక్షసులు ఊరి మీద పడతారు. ఊరు నిలిస్తే పిల్ల నీది. కూలితే, ఎవరైనా గెలిచేదాకా నువ్వు రాయివి."

పెద్దవాడు వెళ్లి మొదట కోటగోడ అడిగాడు, తర్వాత బురుజులు, తర్వాత ఆయుధశాల. తిండి లేక జనం పడవలెక్కి పోయారు. తలుపు మూయడానికి మనిషి లేని కోట ఒక్క తోపుకు పడింది. అతను రాయైపోయాడు. నడిపివాడు మొదట మేడ అడిగాడు, తర్వాత నాట్యశాల, తర్వాత పూలతోట. అతనూ రాయైపోయాడు.

చిన్నవాడు మణిధరుడు వెళ్లి, అన్నల రాతి ముఖాలు తడిమి వెక్కివెక్కి ఏడ్చాడు. భయంతో తనూ "గోడ" అనబోయేసరికి కాలిని చీమ కుట్టింది.

"ఆగవయ్యా! మా పుట్టలో ముందు కాపలా పెట్టం. ముందు గింజలు, తర్వాత పిల్లలు, పిల్లలు ఎదిగాక కాపలా" అంది చీమ.

మణిధరుడికి నిజమేననిపించింది. మొదటి పౌర్ణమికి ఏటికి ఆనకట్ట అడిగాడు, రెండోదానికి ధాన్యపు గాదెలు, మూడోదానికి పడవల రేవు. కడుపునిండా తిండి దొరుకుతోందని తెలిసి దూరదూరాల నుంచి జనం వచ్చారు. నలభై కుటుంబాలు నాలుగు వందలయ్యాయి, ఆపైన వెయ్యి దాటాయి. ఇళ్లు, మగ్గాలు, కొలుములు వరసగా లేచాయి.

తొమ్మిదో పౌర్ణమికి ముసలి ఎల్లవ్వ వచ్చి, "నాయనా, ఊరి నిండా పసిపిల్లలున్నారు. గోడేదీ?" అని అడిగింది.

మణిధరుడు నిబ్బరంగా, "ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు అవ్వా" అన్నాడు. పదో పౌర్ణమికి ఇటుక బట్టీలు అడిగాడు, పదకొండోదానికి సున్నపు బట్టీలు.

"ఇక మిగిలింది ఒక్క నెల. పన్నెండో పౌర్ణమి నాడు నా రాక్షసులొస్తారు. గోడ కట్టడానికి నా మంత్రం ఉండదు!" అని మాంత్రికుడు పకపకా నవ్వాడు.

"పౌర్ణమికొక్కటి అన్నది నీ మంత్రానికి. మా చేతులకు లెక్క పెట్టలేదుగా" అన్నాడు మణిధరుడు.

తెల్లారేసరికి ఊరంతా మట్టి తొక్కుతోంది. తాతలు సున్నం కలిపారు, ఆడవాళ్లు ఇటుకలందించారు, మగవాళ్లు పేర్చారు. ఇరవై రోజుల్లో గోడ నిలిచింది. రాక్షసులు మూడుసార్లు గుద్దారు. మూడుసార్లూ లోపలి నుంచి వేల భుజాలు గోడను అదిమిపట్టాయి. అలసిపోయి రాక్షసులు సముద్రం దారి పట్టారు.

మాంత్రికుడు పళ్లు కొరికాడు గానీ మాట తప్పితే ప్రాణం పోతుంది కదా! కనకరేఖను అప్పగించి, రాళ్లైన అన్నల మీద నీళ్లు చల్లి బతికించి, పొగలా జారుకున్నాడు. కనకరేఖకు మణిధరుడు చూడగానే నచ్చాడు. ఊరంతా పెళ్లివిందు తిన్నది.

విందులో పెద్దన్న గోడను తడిమి చూస్తూ, "నా గోడ దీనికన్నా ఎత్తుగా ఉండేదిరా. ఎందుకు కూలింది?" అన్నాడు.

మణిధరుడు అతని చెయ్యి పట్టుకుని భోజనాల బంతుల దగ్గరికి తీసుకెళ్లి, ఎల్లవ్వ పక్కన కూర్చోబెట్టాడు. "ముందు వీళ్లతో కలిసి అన్నం తిను అన్నా" అన్నాడు. ఆ ఊళ్లోనే అన్నదమ్ములు ముగ్గురూ, కనకరేఖా నూరేళ్లు చల్లగా బతికారు.