బర్నబాసు పందొమ్మిది సెకన్లు

ఆర్జే లక్కీకి ఉన్న బాధల్లా ఒక్కటే. ఊరంతా బాగుందంటుంది, గురువుగారు అనరు.

లక్కీ అనేది మైకు ముందు పేరు. ఆధార్ కార్డులో అతను పిచ్చేశ్వరరావు. ఈ సంగతి బెజవాడలో ముగ్గురికే తెలుసు. అతనికి, వాళ్ళావిడకి, సుభానీ గారికి. వాళ్ళావిడైనా అప్పుడప్పుడూ లక్కీ అంటుంది గానీ సుభానీ గారు ఛస్తే అనరు.

సుభానీ గారంటే "తాంబూలం" సుభానీ గారే. ముప్పై ఏళ్ళపాటు, జనం అన్నాలు తిని నడుం వాల్చే వేళకి రేడియోలో గంటసేపు పాటలు వేసేవారు. ఆ కార్యక్రమం పేరే తాంబూలం. రిటైరై పదహారేళ్ళయింది. భవానీపురంలో ఒక మేడమీది వాటాలో ఉంటారు. ఆయన మొహం ఎవరికీ తెలీదు. కానీ ఆటో ఎక్కి "మార్కెట్టుకి పోనివ్వు నాయనా" అన్నారంటే చాలు, డ్రైవరు బ్రేకేసి వెనక్కి తిరుగుతాడు.

లక్కీ మూడేళ్ళుగా ఆయన దగ్గరికి తిరుగుతున్నాడు. పాత తాంబూలాల క్యాసెట్లు సంపాదించి, స్టాప్‌వాచీ పట్టుకుని మరీ విన్నాడు. గంటలో ఆయన మాట్లాడేది ఆరు నిమిషాలు. పాట పేరు, కోరినవాళ్ళ పేర్లు, వాళ్ళ ఊళ్ళు. జోకు లేదు, చమక్కు లేదు. మరి జనం ఏం చూసి పడిచచ్చారు? ఈ ప్రశ్న నోటుబుక్కులో రాసుకుని, జవాబు కోసం నాలుగు పేజీలు ఖాళీగా వదిలాడు. ఆ పేజీల్లో ప్రస్తుతం వాళ్ళావిడ కూరగాయల జాబితా రాస్తోంది.

లక్కీకి ఒక విద్య ఉంది. పాట మొదలయ్యాక, గాయకుడు నోరు విప్పేలోపు కొంత సంగీతం వస్తుంది కదా, దాని మీద గడగడా మాట్లాడేస్తాడు. సరిగ్గా పల్లవికి ఒక్క రెప్పపాటు ముందు ఆపేస్తాడు. ఒక్క అక్షరం అటు పడదు. అద్దం అవతల కూర్చునే ఇంజనీరు ప్రతిసారీ బొటనవేలు ఎత్తి చూపిస్తాడు. కొత్తగా చేరినవాళ్ళని మేనేజరు లక్కీ దగ్గరికే పంపి, "చూసి నేర్చుకోండి" అంటాడు.

ఆ మేనేజరుకే ఈమధ్య ఒక ఆలోచన వచ్చింది. తాంబూలాన్ని తమ ఎఫ్ఎంలో మళ్ళీ మొదలుపెట్టాలి, లక్కీ చెయ్యాలి.

"కానీ పెద్దాయన ఊఁ అనాలి. ఆయన వద్దన్న తాంబూలం ఎవడూ నోట్లో పెట్టుకోడు" అన్నాడు.

లక్కీ వెళ్ళి మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ సుభానీ గారు శ్రద్ధగా విని, "మీ అమ్మగారి మోకాలు ఎలా ఉంది?" అన్నారు. మూడోసారికి లక్కీకి వాళ్ళమ్మ మోకాలి మీద కోపం వచ్చింది.

నాలుగోసారి అడిగినప్పుడు ఆయన, "రేపు కొండపల్లి వెళ్ళొద్దామా? నీ స్కూటరు ఉందిగా" అన్నారు.

"రేపు మధ్యాహ్నం నా ప్రోగ్రాం ఉందండీ."

"పొద్దున్నే రికార్డు చేసి పెట్టేసి రా. మూడింటికి పడవ పాట వచ్చేలా చూడు."

పాత సినిమాలో హీరో పడవ మీద పోతూ పాడే పాట అది. గురువుగారు నోరు తెరిచి ఒక పాట అడగడం మూడేళ్ళలో అదే మొదలు. లక్కీకి కాళ్ళు నేల మీద ఆనలేదు. పాటకి ముందు పందొమ్మిది సెకన్ల సంగీతం ఉంది. ఆ పందొమ్మిదిలోనూ సందు లేకుండా గురువుగారి మీద నాలుగు వాక్యాలు కూర్చి, తొమ్మిదిసార్లు చదివి చూసుకుని రికార్డు చేశాడు. పల్లవి ముందు ఎంత చక్కగా ఆగాడంటే, ఇంజనీరు రెండు బొటనవేళ్ళూ ఎత్తాడు.

కొండపల్లి ఎందుకో మాత్రం అర్థం కాలేదు. ఆలోచించగా ఆలోచించగా సన్మానం అయి ఉంటుందనిపించింది. శాలువాకి నప్పే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

తీరా చూస్తే కొండపల్లిలో వేదిక లేదు, దండలు లేవు. ఒక రేకుల ఇంటి వసారాలో ఇద్దరు ముసలాళ్ళు, మధ్యలో కారప్పూస పళ్ళెం, స్టూలు మీద రేడియో.

"ఈయన బర్నబాసు గారు. పెళ్ళి బ్యాండులో క్లారినెట్టు వాయించేవారు" అన్నారు సుభానీ గారు. తర్వాత లక్కీని చూపించి, "మా పిచ్చేశ్వరరావు" అన్నారు.

లక్కీ తర్వాతి వాక్యం కోసం ఎదురుచూశాడు. అది రాలేదు.

రెండో ఆయన తెనాలి నుంచి వచ్చిన వియ్యంకుడు, దానియేలు. పళ్ళెం కాస్త ఆయనవైపే జరిగి ఉంది.

"మూడు కావస్తోంది బావగారూ, పెట్టండి మీ రేడియో" అన్నాడు దానియేలు. "పిల్లనిచ్చినప్పట్నించీ వింటున్నాను, బావగారు సినిమాకి వాయించారు, బావగారు సినిమాకి వాయించారని. మా తెనాలిలో సినిమాకి పనిచెయ్యనివాణ్ణి వెతికి పట్టుకోవాలండీ."

బర్నబాసు బోసినోటితో నవ్వి లక్కీవైపు తిరిగాడు. "చిన్నతనంలో మద్రాసులో పదకొండు నెలలున్నాను బాబూ. ఒకరోజు సినిమా ఆర్కెస్ట్రాలో క్లారినెట్టాయనకి జ్వరం తగిలింది. నన్ను పిలిచారు. ఆ పడవ పాట నాదే. మొదటి పందొమ్మిది సెకన్లు. ఆ తర్వాత ఎవరో పాడతారు."

లక్కీ చేతిలోని కారప్పూస చేతిలోనే ఉండిపోయింది.

"నాకు నెలనెలా కార్డు రాసేవారు" అన్నారు సుభానీ గారు. "పడవ పాట వెయ్యండి, మొదలు వేస్తే చాలు, మిగతాది మీ ఇష్టం అని."

గోడ గడియారంలో మూడుకి రెండు నిమిషాలుంది. స్టేషనుకి ఫోను చేద్దామా అనుకున్నాడు లక్కీ. చేసి ఏమని చెప్పాలి? నన్ను ఆపండి అనా? గురువుగారివైపు చూశాడు. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటున్నారు.

మూడు కొట్టింది.

"హాయ్ హలో బెజవాడా!" అంది రేడియో.

బర్నబాసు కళ్ళు మూసుకున్నాడు. మోకాలి మీద ఆయన వేళ్ళు లేచి పడుతున్నాయి, అదే క్లారినెట్టు అన్నట్టు. రేడియోలో గొంతు సుభానీ గారిని కృష్ణా నదితో పోల్చింది, ప్రకాశం బ్యారేజీతో పోల్చింది. ఆ మాటల కింద ఎక్కడో సన్నగా ఏదో ఉంది, గోడకవతల ఎవరో పిలుస్తున్నట్టు. వేళ్ళు ఆగాయి. గొంతూ ఆగింది. రెప్పపాటు తర్వాత పల్లవి.

బర్నబాసు చెయ్యి చాపి రేడియో కట్టేశాడు.

"అదేంటి బావగారూ, పాట ఇప్పుడేగా మొదలైంది?"

"నాది అయిపోయింది."

"ఏం అయిపోయింది? నాకేం వినపళ్ళేదు. ఎవడో వాగుతున్నాడు."

"వాగుడు కాదులెండి. సుభానీ గారి గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పుకున్నాడు, పాపం."

ఆ "పాపం" లక్కీకి ఎక్కడో గుచ్చుకుంది. జేబులోంచి ఫోను తీశాడు. "ఆ పాట ఇందులో ఉంటుందండీ, పెడతాను."

"వద్దు బాబూ" అన్నాడు బర్నబాసు. "అందులో అయితే మనమే పెట్టుకుని మనమే వినాలి. రేడియోలో అయితే ఊరంతా వింటుంది."

దానియేలు కారప్పూస పళ్ళెం బావగారివైపు జరిపాడు. అది జాలితో జరిపాడని అందరికీ తెలిసింది.

లక్కీ ఆయనవైపు తిరిగి, "తెనాలి ఎప్పుడు వెళ్తున్నారండీ?" అనడిగాడు.

"రేపు సాయంత్రం బస్సుకి. ఏం, దింపుతావా?"

తిరుగు ప్రయాణంలో గురువుగారు ఏమైనా అంటారని లక్కీ స్కూటరు మెల్లగా నడిపాడు. ఇబ్రహీంపట్నం దాటాక అన్నారు. "స్పీడు బ్రేకరుంది, చూసుకో."

మర్నాడు మూడింటికి లక్కీ స్టూడియోలోనే ఉన్నాడు.

"పడవ పాట" అన్నాడు మైకులో. "క్లారినెట్టు బర్నబాసు గారు, కొండపల్లి." మీట నొక్కి నోరు మూసుకున్నాడు.

అద్దం అవతల ఇంజనీరు ఎగిరి లేచాడు. మైకు పోయిందనుకున్నాడు. తన మైకు చూపించి, తీగలు చూపించి, లక్కీ నోరు చూపించి చేతులు ఊపాడు. లక్కీ వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

ఆ పాట అతను తక్కువలో తక్కువ వందసార్లు వేసి ఉంటాడు. ముందు ఏముందో ఇప్పుడే వింటున్నాడు.

పాట ఇంకా సగంలో ఉండగానే ఫోను మోగింది.

"కొండపల్లి నుంచి దానియేలునండీ. తెనాలి దానియేలుని. ఇందాక వాయించింది మా బావగారు! అబద్ధం కాదండీ, ఇక్కడే ఉన్నాడు మనిషి. మళ్ళీ ఒకసారి వేస్తారా? పాటలోకి పోనక్కర్లేదు."

వెనకాల ఎవరో "ఊరుకోండి బావగారూ" అంటున్నారు. ఆ గొంతు ఊరుకోమంటున్నట్టు లేదు.

లక్కీ మళ్ళీ వేశాడు.

సాయంత్రం ఎండ తగ్గాక భవానీపురం వెళ్ళాడు. సుభానీ గారు డాబా మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు. లక్కీ పక్కన చతికిలబడి తనూ నాలుగు కాయలు చేతిలోకి తీసుకున్నాడు.

"విన్నారా మాస్టారూ?"

"విన్నాను."

"ఎలా ఉందండీ?"

"నన్నడుగుతావేం? నువ్వేం విన్నావు?"

లక్కీ ఆలోచించాడు. మంచి వాక్యాలు చాలా వచ్చాయి గానీ, ఒక్కటీ పైకి అనలేకపోయాడు.

"పదకొండో సెకను దగ్గర ఆయన ఊపిరి తీసుకున్నారండీ" అన్నాడు చివరికి. "చిన్నగా. వినబడుతుంది."

సుభానీ గారు చేతిలో కాయ పళ్ళెంలో వేసి అతనివైపు తిరిగారు.

"తాంబూలం ఎప్పట్నించి మొదలుపెడుతున్నావు?"