మందారపురానికి ముగ్గురు రాజులు

ఒకానొక రాజ్యానికి మందారపురం రాజధానిగా ఉండేది. దానిని ఏలిన విక్రమభూషణుడు శూరుడు, దాత. అయితే తన నగరం ఎంత గొప్పదో పరదేశపు రాయబారుల ఎదుట వర్ణించడమంటే ఆయనకు మిక్కిలి ప్రీతి.

ఆ వర్ణనకు ఆధారం మూడు కచేరీల పట్టికలు. కాలువల కచేరీ నీరు పారే నేలను బట్టి మనుషులను రాసుకునేది: ఫలానా తూము పక్క ఇంటివాడు అని. కోట కచేరీ చేతిపనిని బట్టి రాసుకునేది: ఫలానా కమ్మరి, ఫలానా వడ్రంగి అని. కొఠారు వారు పొయ్యికి ఇంతని ధాన్యం కొలిచి ఇస్తారు గనుక ఇంటి పెద్దామెను బట్టి రాసుకునేవారు: ఫలానా ఆమె కొడుకు, ఫలానా ఆమె అల్లుడు అని. ఒక కచేరీ పట్టికను మరొక కచేరీ చూసే ఆచారం లేదు. రాజు మాత్రం మూడింటినీ కలిపి కూడి, "మా నగర జనం ఇంత" అని చెప్పి మీసం దువ్వేవాడు.

తొలకరికి ముందు ఇంటికొక మనిషి వచ్చి ఊరి పని చేయాలనేది అక్కడి కట్టడి. రాకపోతే పొలిమేర దాటించేవారు. ఆ ఏడు కాలువ పూడిక తీయడానికీ, కోటగోడ మెత్తడానికీ, కొఠారు కప్పు నేయడానికీ మూడు కచేరీల నుంచీ విడివిడిగా ఒకే ఉదయం పిలుపు వచ్చింది. అన్నదమ్ములున్న ఇళ్లవారు తలా ఒక దిక్కుకు పోయారు. మేదరి ఎర్రన ఇంట్లో మగవాడు అతడొక్కడే. అతడు కాలువకు పోయి సాయంత్రం దాకా మట్టి ఎత్తాడు.

మరునాడు భటులు అతణ్ణి సభకు తెచ్చారు. వెంట భార్య పోలమ్మ వచ్చింది.

"తూర్పు తూము పక్క ఇంటివాడు వచ్చి పని చేశాడు, ప్రభూ" అన్నాడు కాలువల అధికారి.

"బుట్టలల్లే మేదరి రాలేదు" అన్నాడు కోట అధికారి.

"గంగమ్మ అల్లుడు రాలేదు" అన్నాడు కొఠారు అధికారి.

రాజు క్షణమైనా ఆలోచించలేదు. "ముగ్గురిని పిలిస్తే ఒకడు వచ్చాడు. వచ్చినవానికి తాంబూలం ఇవ్వండి. రాని ఇద్దరినీ రేపు సూర్యాస్తమయంలోగా పొలిమేర దాటించండి."

పోలమ్మ చేతులు జోడించింది. "మారాజా, మీరు ఎళ్లగొట్టమన్న ఇద్దరూ నా మొగుడేనయ్యా. తాంబూలం ఇయ్యమన్నోడూ నా మొగుడే. ఇందులో ఎవరిని ఇంటికి తీసుకుపొమ్మంటారు?"

సభలో ఒకరిద్దరు నవ్వు ఆపుకున్నారు. రాజు కనుబొమలు ముడిపడ్డాయి. "పట్టికలో ముగ్గురున్నారు. పట్టికను కాదని నీ మాట నమ్మమంటావా?"

అప్పుడు చెన్నుభట్టు లేచాడు. అతడు ఆస్థానంలో తాళపత్రాలు చదివే పండితుడు. "ప్రభువుల వాక్కు శిరోధార్యం. అయితే పట్టికల సత్యసంధత లోకానికి తెలియవద్దా? మూడు కచేరీలూ తమ పట్టికలో మొదట ఉన్నవారిని రేపు ఈ సభకు పిలిపించి, తగిన ఆసనం వేయించాలి. వారు వచ్చి కూర్చోగానే ఈ మేదరి సంగతి ముగిద్దాం."

ఆ మాట రాజుకు నచ్చింది. "అలాగే కానీ."

మరునాడు రాజు సభకు వచ్చేసరికి సింహాసనం ఉండే చోట మూడు సింహాసనాలున్నాయి. మూడింటికీ వెల్లగొడుగులు పట్టి ఉన్నాయి. రాజు నిలబడిపోయాడు. కాలువల అధికారి వంగి దారి చూపించాడు. "ఉద్యానవనపు యజమాని మా పట్టికలో ప్రథములు. దయచేయండి."

రాజు కూర్చున్నాడు. చెన్నుభట్టు కోట అధికారి వైపు తిరిగాడు. "మీరు ఎవరిని పిలిచారు?"

"వజ్రఖడ్గధారిని."

"మీ ఆసనంలో ఉన్నారా?"

కోట అధికారి నుదురు తుడుచుకున్నాడు. "ఆసనమైతే... ఖాళీగా ఉంది."

"కొఠారు వారు?"

"నాగాంబికాదేవి కుమారుణ్ణి పిలిచాము" అని కొఠారు అధికారి నేల చూపులు చూశాడు. "మా ఆసనమూ ఖాళీయే."

రాజు విసుగ్గా అన్నాడు: "ఏమి అవివేకం ఇది? ఖడ్గధారిని నేనే. నాగాంబిక కొడుకునూ నేనే."

"నిన్న పోలమ్మ కూడా ఈ మాటే మనవి చేసింది" అన్నాడు చెన్నుభట్టు వినయంగా. "పట్టికలో ముగ్గురున్నారని ప్రభువులు సెలవిచ్చారు. ముగ్గురు రాజులను పిలిస్తే ఒకరు వచ్చారు. వచ్చిన వారికి తాంబూలం సిద్ధంగా ఉంది. రాని ఇద్దరు రాజులనూ ఏ ద్వారం గుండా పొలిమేర దాటించమంటారు?"

రాజు ఎడమవైపు ఖాళీ ఆసనాన్ని చూశాడు, కుడివైపు దాన్ని చూశాడు, చివరికి పోలమ్మను చూశాడు.

"ఎర్రనను ఇంటికి పంపండి" అన్నాడు మెల్లగా. "అయితే చెన్నుభట్టూ, అందరూ ఇలాగే ఉంటే నా జనంలో మూడింట రెండు వంతులు మాయమైనట్టే గదా" అన్నాడు.

"జనం ఎక్కడికీ పోలేదు ప్రభూ. ఉన్నవారే ఉన్నారు. తగ్గింది లెక్క ఒక్కటే."

ఇక ఏం చేయాలో కూడా అతడే విన్నవించాడు. నగరమంతటికీ ఒకే మూలపట్టిక ఉండాలి. అందులో ఒక మనిషికి ఒకే చోటు. పుట్టుక, చావు, ఇల్లు మారడం, ఏది జరిగినా జనం ఒక్క గడపలో చెబితే సరిపోవాలి. నేల సంగతి కాలువల వారు, పని సంగతి కోట వారు, పొయ్యి సంగతి కొఠారు వారు సరిచూడాలి గాని, ఎవరూ విడిగా కొత్త మనిషిని సృష్టించరాదు.

"బాగుంది. దసరా వెళ్లాక చూద్దాం" అన్నాడు రాజు. "ఈ లోగా చెన్నుభట్టుకు ఒక పట్టుశాలువ పంపండి."

మరునాడు చెన్నుభట్టు ఒక శాలువ కప్పుకుని, మరి రెండు చంకన పెట్టుకుని సభకు వచ్చాడు.

"ఒకటే గదా ఇమ్మన్నాను" అన్నాడు రాజు.

"ఒకటే ముట్టింది ప్రభూ. గోశాల వెనుక ఇంటివానికి కాలువల వారు పంపినది ఇది. ఈ రెండూ తాళపత్రాలు చదివేవానికి కోట వారూ, కామాక్షమ్మ కొడుక్కి కొఠారు వారూ పంపినవి. ఆ ఇద్దరూ రాలేదు. వారి సొత్తు తిరిగి ఇవ్వడానికి నాకేం అధికారం? దసరా దాకా భద్రంగా దాచిపెడతాను."

రాజు పకపకా నవ్వాడు. నవ్వి, మూడు పట్టికలనూ అప్పటికప్పుడే తెప్పించి, ముగ్గురు అధికారులనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడు.

"మొదటి పేరు ప్రభువులదేనా?" అని అడిగాడు కొఠారు అధికారి గంటం ఎత్తి.

"కాదు" అన్నాడు రాజు. "మేదరి ఎర్రనది. ఒక్క మనిషిగా ఉండడానికి ఈ ఊళ్లో అతనంత కష్టపడినవాడు లేడు. ఆ రెండు శాలువలూ అతని ఇంటికి పంపండి. ఒకటి అతనికి, ఒకటి పోలమ్మకు."

చెన్నుభట్టుకు నూరు వరహాలు బహుమతిగా ముట్టాయి, ఒక్కసారే.