ఆటకు పెద్ద

అచ్యుతయ్యగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు తొడుక్కుంటారు. అడిగినవాడు వెంట నడవాలి. మోకాళ్ల నొప్పులున్న శిష్యులు వేరే గురువును వెతుక్కునేవారు.

జ్యూరీలు ఉన్న రోజుల సంగతి. పట్నంలో ఒక పార్టీ నాయకుణ్ణి, సభ ముగించుకుని ఇంటికి పోతుండగా పొడిచి చంపారు. ఎదుటి పార్టీలో తిరిగే పడవ సరంగు సింహాద్రిని పట్టుకున్నారు. నేరం రుజువైతే ఉరి. జ్యూరీకి ఎవరి పేరు చదివినా ఎవరో ఒక వకీలు లేచి, ఇతను ఆ పక్షమనో ఈ పక్షమనో అడ్డుపడుతున్నాడు. ఆ రగడ తెమలకుండానే, మర్నాడు హాజరు కమ్మని బట్టల కొట్టు కోటిలింగానికి సమన్లు వచ్చాయి. అతను సరాసరి గురువుగారి దగ్గరికి వచ్చాడు.

"చచ్చిపోయినాయన మా పార్టీ మనిషండి. ఆయన పాడె మోశాను. నాకే పక్షమూ లేదంటే అబద్ధం. ఉందంటే వెళ్లగొడతారు. మావాళ్లేమో ఎలాగోలా కూర్చోమంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

అచ్యుతయ్యగారు చెప్పులు తొడుక్కున్నారు.

ఏటి ఇసుకలో రెండు పేటల కుర్రాళ్లు చెడుగుడుకు దిగి, ఆటకు పెద్దగా ఎవరుండాలన్న దగ్గర ఆగిపోయారు. కోటిలింగం కాసేపు తన బాధ మరిచిపోయి, "నేనుంటాను. మీలో ఎవరూ నాకు తెలియదు" అన్నాడు.

ఒక కుర్రాడు మర్యాదగానే చెప్పాడు. "ఎవరూ తెలీకపోతే, ఎవడు తొండి చేస్తాడో కూడా తెలీదు కదండీ."

చివరికి వాళ్లు ఒప్పుకున్నది ఒక జట్టు నాయకుడి అన్నను, వెంకన్న అనేవాణ్ణి. పైగా అతణ్ణి పిలిచింది ఎదుటి జట్టు. కోటిలింగానికి మతిపోయింది. వెంకన్న గీత పక్కన నిలబడి అందరికీ వినిపించేలా అన్నాడు: "మా తమ్ముడు గెలవాలనే నాకుంది. నా మీద ఓ కన్నేసి ఉంచండి."

ఆఖరి కూతకు తమ్ముడే వెళ్లాడు. ముగ్గురు మీద పడినా ఈడ్చుకొచ్చి గీత మీద చెయ్యి వేశాడు. అప్పటికి కూత ఆగిందా లేదా అన్నది దగ్గరగా ఉన్న వెంకన్నకొక్కడికే తెలుసు. పాపం, అతని మొహం వాడిపోయింది. "కూత ముందే ఆగింది. ఔట్" అన్నాడు. తమ్ముడు లేచి ఇసుక దులుపుకుని, అన్న వంక చూడకుండా వెళ్లిపోయాడు. గురువుగారూ ఇంటిదారి పట్టారు.

మర్నాడు కోర్టులో కోటిలింగం ఉన్నదున్నట్టు చెప్పాడు. "నాకు పక్షముందండి. మావాళ్ల మాట నమ్మాలనే మనసు లాగుతుంది. అందుకే వాళ్ల సాక్ష్యం ఇంకాస్త జాగ్రత్తగా వింటాను."

సింహాద్రి తరపు వకీలు అభ్యంతరం చెప్పడానికి లేచాడు. బోనులోంచి సింహాద్రి, "ఆయన్ని ఉండనివ్వండి బాబూ" అన్నాడు. జడ్జి సింహాద్రి మొహమూ కోటిలింగం మొహమూ చూసి, ఉండనిచ్చాడు.

హత్యను కళ్లారా చూశానన్నవాడు కోటిలింగం పార్టీవాడే. అతను ముందు చెప్పినదానికీ తర్వాత చెప్పినదానికీ పొంతన లేదు. జ్యూరీ గదిలో ఆ సంగతి మొదట ఎత్తింది కోటిలింగమే. మిగతావాళ్లూ కాదనలేకపోయారు. సింహాద్రి విడుదలై మళ్లీ పడవెక్కాడు.

కొన్నాళ్లకు కోటిలింగం గురువుగారి అరుగు మీదికి వచ్చి కూలబడ్డాడు. "నా మనసుకు నిజమని తోచిందే చెప్పానండి. మావాళ్లు మాత్రం కొట్టు ముందు నుంచి మొహం తిప్పుకుని పోతున్నారు. ప్రాణం ఉసూరుమంటోంది."

ఈసారి అచ్యుతయ్యగారు చెప్పులు తొడుక్కోలేదు.

"నిన్న సాయంత్రం మళ్లీ ఆట పెట్టుకున్నారు నాయనా. పెద్దగా ఉండమని వెంకన్నను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది ఎవరనుకున్నావు? ఆ తమ్ముడే."