తలూపే మాస్టారు

వీరభద్రాచారి మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు రాదు. పంతుళ్లకు శిక్షణ ఇచ్చి ఇచ్చి రిటైరైన మనిషి ఆయన. ఇప్పటికీ ఆదివారం మధ్యాహ్నాలు కొత్త టీచర్లం కొందరం ఆయన వరండాలో చేరతాం. మనం అడిగేది ఒకటి, ఆయన చెప్పేది ఇంకొకటి. ఇంటికెళ్లి కంచం ముందు కూర్చున్నాక అది తగులుతుంది.

ఆ రోజు అడిగింది హిమబిందు. మా అందరిలో చురుకైనది, కడుపులో మాట దాచుకోదు.

"మాస్టారూ, క్లాసులో నల్లబల్ల బదులు పెట్టిన టచ్ ప్యానెల్ ఎలా వాడాలో ఆన్‌లైన్‌లో ట్రైనింగ్ ఇస్తున్నారు. ఆదివారం కూడా వదలరు. వాళ్లకు కావలసింది కెమెరాలో మొహం. ఆ మొహమేదో అక్కడ పెట్టేసి మన పని మనం చూసుకుంటే తప్పేంటండీ? పిల్లల ముందు ఎలాగూ నిజంగానే నిలబడతాం కదా."

మేం కిసుక్కున నవ్వాం. ఎందుకంటే ఆ పూట కూడా ఆవిడ ట్రైనింగ్ నడుస్తూనే ఉంది. మాస్టారి ముందుగది కిటికీలో ఫోను నిలబెట్టి వచ్చింది. తను బుద్ధిగా చూస్తూ అప్పుడప్పుడూ తలూపుతున్న వీడియో ఒకటి ముందే తీసిపెట్టుకుని, తన బదులు దాన్ని కూర్చోబెట్టింది. ఈ విద్య మా పంతుళ్లలో తెలియనివాళ్లు తక్కువ.

మాస్టారు నవ్వలేదు. మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి మొదలుపెట్టారు.

పరంజ్యోతి అని ఒకాయన, కొండల అంచున ఒక బడిలో నాలుగో తరగతి చెప్పేవాడట. చెడ్డవాడేం కాదు, ఓపిక తక్కువ. ప్యానెల్ వచ్చాక పుస్తకాలు బీరువాలో పెట్టేశాడు. పాఠం దాని మీద వేసి, తను కుర్చీలో కూర్చునేవాడు. ట్రైనింగంటే ఒళ్లుమంట. అందుకని తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలూపే వీడియో ఒకటి తీసుకున్నాడు. రోజూ బడి వదిలాక ఆఫీసు గదిలో లాప్‌టాప్‌లో తన బదులు ఆ వీడియో బొమ్మను పెట్టేసి, తను పెరట్లో వంగమొక్కలకు నీళ్లు పట్టేవాడు.

అతని క్లాసులో కుసుమ అనే పిల్ల ఉంది. ప్యానెల్ చూసి చదవమంటే నోరు విప్పదు. ఈ పిల్లకు చదువు అబ్బదని పరంజ్యోతి తేల్చేశాడు. బడి మాన్పించి పనిలో పెట్టుకొమ్మని చెబుదామని తండ్రికి మర్నాడు రమ్మని కబురు పంపాడు. జీడితోటలో మనుషులు చాలక ఆ తండ్రి కూడా ఆ మాట కోసమే చూస్తున్నాడు.

ఆ సాయంత్రం నీళ్లు పట్టి లోపలికి వస్తుంటే ట్రైనర్ గొంతు వినిపించింది. "పరంజ్యోతి గారూ, మీ క్లాసులో చదవలేకపోతున్న పిల్లలెవరైనా ఉన్నారా?"

దొరికిపోయాననుకుని పరుగెత్తబోయాడు. ఈలోగా తెర మీది బొమ్మ తలూపడం ఆపింది.

"కుసుమ అని ఒక పాప ఉందండీ," అంది. గొంతు అతనిదే. "చదవలేక కాదు. ఆ పాప కూర్చునే మూల నుంచి చూస్తే, కిటికీ వెలుతురు పడి ప్యానెల్ మీద మెరుపు తప్ప అక్షరం కనబడదు. ప్రతి మూలా కూర్చుని చూడమని మొదటి రోజే చెప్పారు కదండీ. కూర్చుని చూశాను."

ట్రైనర్ మెచ్చుకున్నాడు. బొమ్మ మళ్లీ తలూపడం మొదలుపెట్టింది. పరంజ్యోతి తడి చేతులతో గుమ్మంలోనే ఉండిపోయాడు.

తెల్లారి అందరికంటే ముందే బడికి వెళ్లి కుసుమ చోట కూర్చున్నాడు. నిజమే, అక్షరం కనబడలేదు. కాసేపటికి పిల్లలు వచ్చారు. కుసుమ ఎవరూ చెప్పకుండానే నేరుగా ముందు బెంచీలో కూర్చుంది. తండ్రి గుమ్మం దగ్గర నిలబడి చూస్తుండగా, ప్యానెల్ మీది పాఠం కూడబలుక్కుంటూ చివరిదాకా చదివింది. ఆయన పిల్లను బడిలోనే వదిలి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని తోటకు వెళ్లిపోయాడు.

"ముందుకొచ్చి కూర్చోమని ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు పరంజ్యోతి.

"మీరే సార్. నిన్న బడి వదిలాక, సంచీ మరిచిపోయి వెనక్కొచ్చినప్పుడు."

ఆ వేళప్పుడు అతను వంగమొక్కల దగ్గర ఉన్నాడు. "నేనా? ఎక్కడినుంచి చెప్పాను?"

ఆ పిల్ల ప్యానెల్ వైపు చూసింది. తర్వాత, ఏదో మర్యాదకన్నట్టు, అతని వైపు కూడా చూసింది.

మాస్టారు అక్కడితో ఆపారు.

"ఆ పిల్ల బాగుపడింది కదండీ," అంది హిమబిందు, ఎందుకో గొంతు తగ్గించి. "మరి ఆయన ఏమయ్యాడు?"

"రోజూ బడికి వెళ్తూనే ఉన్నాడు. పిల్లలు ఏదైనా అడగాలనుకుంటే మాత్రం అతను బయటికి వెళ్లేదాకా ఆగుతున్నారు."

సరిగ్గా అప్పుడే ముందుగది కిటికీలోంచి ఫోను పలికింది. "హిమబిందు గారూ, ఉన్నారా? మీ క్లాసు గురించి ఒక్క మాట చెప్తారా?"

హిమబిందు గబుక్కున లేవబోయింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండమ్మా. ఎవరు పలుకుతారో విని వెళ్దువుగాని."