ఫ్రిజ్ పక్క ఉయ్యాల

బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో, తన ఇంట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఎక్కడా లేదని గౌరమ్మకు గట్టి నమ్మకం. మొగుడు సన్నాసయ్యదీ అదే మాట, కొడుకు పైడిరాజుదీ అదే మాట. ఎవరేం చెబితే అది చెప్పినట్టు చేస్తారు. మధ్యలో ఆలోచించి పాడుచెయ్యరు.

కూతురు చిలకమ్మ పురుటికొచ్చి మగబిడ్డను కంది. బిడ్డ కాస్త బరువు తక్కువ. వాడు ఒళ్ళు చేస్తాడో లేదోనని గౌరమ్మకు ఒకటే గుబులు. ముందుగదిలో ఫ్రిజ్ పక్కనే దూలానికి చీర ఉయ్యాల కట్టి, రోజంతా ఊపుతూ కూర్చునేది.

ఓ పొద్దున నర్సు ఎస్తేరమ్మ వచ్చి చూసింది. కరెంటు నడిచేటప్పుడు ఫ్రిజ్ లాంటి వాటి చుట్టూ కాస్త అయస్కాంత శక్తి ఉంటుందనీ, కంగారు పడక్కర్లేదనీ, దూరం జరిగేకొద్దీ తగ్గిపోతుందనీ, అయినా పసివాణ్ణి దానికంత దగ్గరగా ఎందుకనీ చెప్పింది. రక్తం పట్టడానికి చిలకమ్మ చేత ఇనుము మాత్ర మింగించి వెళ్ళిపోయింది.

ఇంకేముంది, గౌరమ్మ బుర్ర పనిచేసింది. అయస్కాంతం ఇనుమును లాగుతుంది. మరి మనవడి గోచీకి పిన్నీసు ఉందే! సన్నాసయ్య గబగబా పిన్నీసు పీకి, మనవణ్ణి ఎత్తుకున్నాడు. గోచీ జారింది, తాత పంచె తడిసింది. పోతే పంచె పోయింది, పిల్లాడు దక్కాడని అందరూ సంబరపడ్డారు.

అంతలో గౌరమ్మ చూపు కూతురి మీద పడింది.

"దీని కడుపులో ఇనుముందిరా. ఫ్రిజ్ దీన్ని లాగేసిందంటే సంటోడికి పాలెవులిత్తారు?"

అంతే, పైడిరాజు తువ్వాలు తెచ్చి అక్కను వంటింటి గుంజకు కట్టేశాడు. చిలకమ్మ కూడా ఆ ఇంటి పిల్లే, ఇంకొంచెం బిగించమంది. ముందుగదిలో బిడ్డ ఆకలికి ఏడవసాగాడు. కట్టు విప్పితే తల్లి పోతుంది, విప్పకపోతే పాలు లేవు. బిడ్డనే తల్లి దగ్గరికి తీసుకెళ్ళొచ్చని ఒక్కరికీ తోచలేదు.

కరెంటు నడిస్తేనే కదా ఈ పీడ అని పైడిరాజు ఫ్యూజు పీకేశాడు. ఫ్యాను ఆగిపోయింది. లోపల మిగిలిన శక్తి కూడా పోవాలని గౌరమ్మ ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి, విసనకర్రతో ఆ శక్తిని వీధిలోకి తోలింది. మంచు కరిగి గది మడుగయింది. బిడ్డ చెమటలో నాని, ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. ఇంత తెలివి ఖర్చు పెట్టినా వీడిలా వాడిపోతున్నాడేమని గౌరమ్మ కూడా కళ్ళొత్తుకుంది.

మధ్యాహ్నం బిడ్డ బరువు చూడ్డానికి వేలాడదీసే కాటాతో వచ్చిన ఎస్తేరమ్మ ఆ నీళ్ళలో జారి పడబోయింది. తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి చిలకమ్మ కట్లు విప్పింది, పాలు ఇప్పించింది, ఫ్యూజు పెట్టించింది, నేల తుడిపించింది. తల్లి వంటింట్లో, బిడ్డ ఉయ్యాలలో నిద్రలోకి జారాక, ఒక్కో మాటా ఒత్తి చెప్పింది.

"ఏదీ ఆపొద్దు, ఎవర్నీ కట్టొద్దు. ఈ ఉయ్యాల విప్పి లోపలిగదిలో కట్టండి, చాలు. పక్కింటి బాలింతను చూసొచ్చి తూకం వేస్తాను."

ఆవిడ తిరిగొచ్చేసరికి లోపలిగదిలో ముగ్గురూ వరసగా నిలబడి ఉయ్యాల ఊపుతున్నారు. చీర మరీ తేలిగ్గా ఊగుతోంది. ఎస్తేరమ్మ చెయ్యి పెట్టి చూసింది. లోపల ఏమీ లేదు. బిడ్డేడని అడిగింది.

"ఫ్రిజ్ పక్కన సాప మీదున్నాడు," అంది గౌరమ్మ. "ఆణ్ణి కదపమని మీరు సెప్పనేదు కదమ్మా."

ఎస్తేరమ్మ ముందుగదిలోకి ఒక్క పరుగు తీసింది. బిడ్డను గుండెకు అదుముకుని వచ్చేలోగా, పైడిరాజు ఆవిడ ఉంచివెళ్ళిన కాటాను దూలానికి వేలాడదీసి, ఉయ్యాల విప్పి దాని కొక్కేనికి తగిలించాడు. ముల్లు సున్నా దగ్గరే కాస్త వణికి ఆగింది. గౌరమ్మ దాని కింద కూలబడి ఘొల్లుమంది.

"ఒక్క పూటకే ఇంతలా సిక్కిపోనాడేటమ్మా నా మనవడు!"