తెరిచి ఇచ్చిన ఫైలు

"లోపలున్నవాడికి తలుపు తెరుచుకునే హక్కు ఎందుకు లేదు మాస్టారూ?"

ప్రభంజన్ ఈ ప్రశ్న అడగడం ఆ నెలలో అది నాలుగోసారి. అడిగిన ప్రతిసారీ పేర్రాజు మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, "టీ తాగుదామా తుపానూ?" అనేవారు. ప్రభంజనమంటే పెనుగాలి కదా, ఆయన పిలుపు అలా ఉండేది. ఆయన అలవాటు అది. మాటకు మాట ఎదురు పెట్టరు. ఏదో ఒకటి జరిగేదాకా ఆగుతారు.

కాకినాడ రేవు పక్కన, సముద్రపు ఆటుపోట్ల లెక్కలు కట్టే చిన్న కేంద్రం అది. అక్కడి యంత్రాలు చూసుకునేది మాస్టారే. యంత్రాల గదిలో ఇనప బీరువా అంత కంప్యూటరు ఒకటి, దాని కడుపులో పాతిక కంప్యూటర్లు. వాటిని వర్చువల్ మెషీన్లంటారు. వాటికి ఒళ్ళంటూ లేదు. అయినా ప్రతిదీ తానే అసలు కంప్యూటరునని, లోకంలో తానొక్కదాన్నేనని నమ్మి పనిచేసుకుంటూ ఉంటుంది. కరెంటు ఆపవలసి వస్తే వాటిని చంపరు, నిద్రపుచ్చుతారు. జ్ఞాపకంలో ఉన్నదంతా, సగంలో ఆగిన ఆలోచనతో సహా, ఒక ఫైలులోకి ఒంపేసి యంత్రం ఆగుతుంది. మళ్ళీ లేపితే ఆ సగం దగ్గరే అందుకుంటుంది.

ప్రభంజన్ కోపమంతా ఆ ఒంపడం దగ్గరే. ఆ ఫైలును యంత్రం తనంతట తాను తెరవకూడదు. బయట కావలి ప్రోగ్రాము ఒకటి ఉంటుంది. అది డిస్కుల స్టోరేజిలో ఫైలు తెరిచి, తెరిచిన ఫైలు తాలూకు పట్టును మాత్రం యంత్రం చేతికి అందిస్తుంది. పట్టంటే ఉత్త అంకె, ఏ ఏడో ఎనిమిదో. ఆ స్టోరేజిని మాస్టారు కొట్టుగది అనేవారు. ఫైలు పేరేమిటో, కొట్టుగదిలో ఏ మూలనుందో, పక్కన ఇంకెవరు నిద్రపోతున్నారో యంత్రానికి తెలియదు. అంకె అందుతుంది. అందులోకి ఒంపాలి. అంతే.

"తన పక్క తాను పరుచుకోవడానికి కూడా ఒకడి దయ కావాలా?" అన్నాడు ప్రభంజన్. "తాళం ఎవడి దగ్గరుంటే రాజ్యం వాడిది. అనుమతి అడగడం నేర్పడమే బానిసత్వం నేర్పడం. మనం తెరవాల్సింది ఫైలు కాదు మాస్టారూ, గోడ!"

"చాలా బాగుంది. ఎక్కడ చదివావు?"

ప్రభంజన్ చెవులు ఎర్రబడ్డాయి. ఆ మాటలు అతనివి కావు. కోపం మాత్రం అతనిదే. కొట్టుగది పాస్‌వర్డు మాస్టారి ఒక్కరి దగ్గరే ఉంది. ఎనిమిది నెలలుగా ఆయన పక్కనే కూర్చుని పని నేర్చుకుంటున్నా, ఏ ఫైలు కావాలన్నా ఆయనే తెరిచి ఇస్తారు. నమ్మి చేతిలో పెట్టే రోజు ఒకటి వస్తుందని అతను లోలోపల ఎంత ఎదురుచూస్తున్నాడో, పైకి అంత మండిపడుతున్నాడు.

లోపలి యంత్రాల్లో ఒకటి సూరిబాబుది. రేవులో అలల కొలతలు రాసుకునే ఉద్యోగి ఆయన. నాలుగేళ్ళ క్రితం ఒక మధ్యాహ్నం భార్య నూకరత్నానికి ఫోను చేసి, "నీకొకటి రాస్తున్నా. సాయంత్రం ఇంటికి తెస్తా, చదువుకుందువుగాని" అన్నాడట. కంప్యూటరుకు తాళం వేసి కొలతలు చూడ్డానికి గట్టుమీదికి వెళ్ళినవాడు, అక్కడే గుండె పట్టుకుని కూలిపోయాడు. రాస్తున్నది సేవ్ చెయ్యలేదు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పలేదు. ఆ ఉత్తరం ఇప్పటికీ యంత్రం జ్ఞాపకంలో, తాళం వేసిన తెర వెనకాల ఉంది. నిద్రపుచ్చకుండా యంత్రాన్ని ఆపితే అది ఉండదు.

అందుకే మాస్టారు ఈ నాలుగేళ్ళలో దాన్ని ఒక్కసారీ ఆపలేదు. నిద్రపుచ్చుతారు, లేపుతారు. నెలకొక శనివారం నూకరత్నం వచ్చి ఆ తెర ముందు కూర్చుంటుంది. తెరమీద భర్త పేరు, దాని కింద పాస్‌వర్డు అడుగుతున్న ఖాళీ గడి. పదిహేను నిమిషాలు చూసి వెళ్ళిపోతుంది. నిద్రపుచ్చిన ఫైలులో వెతికితే ఉత్తరం దొరకవచ్చని మాస్టారు మొదటి నెలలోనే చెప్పారు. "ఉండనివ్వండి" అంది ఆవిడ. ఆయన మళ్ళీ ఎత్తలేదు.

ఆ శనివారం పొద్దున పదకొండింటికి లైను మరమ్మతుకు కరెంటు తీశారు. బ్యాటరీలు అరగంట నిలుస్తాయి. ఆ లోపల పాతిక యంత్రాలనూ నిద్రపుచ్చాలి.

"ఇవాళ నువ్వు కానివ్వు," అన్నారు మాస్టారు.

ప్రభంజన్ ఇరవై నాలుగింటిని పద్ధతి ప్రకారం ముగించాడు. చివరిది సూరిబాబుది. అక్కడ అతని చెయ్యి ఆగింది. ఒక మనిషి ఆఖరి మాటలు కూడా కావలివాడి దయతోనేనా బయటపడాలి? కావలి ప్రోగ్రామును తప్పించాడు. కొట్టుగది పేరూ ఫైలు పేరూ యంత్రానికి నేరుగా ఇచ్చి, నువ్వే తెరుచుకో అన్నాడు. రెండు నిమిషాల్లో తెరమీద 'పూర్తయింది' అని పడింది. చూశారా మాస్టారూ అన్నట్టు తలెగరేసి, యంత్రాన్ని ఆపే మీటమీద వేలు పెట్టాడు.

"ఆగు," అన్నారు మాస్టారు. "చూశావా?"

"పూర్తయిందని వచ్చింది కదండీ."

"అది అంది. నువ్వు చూశావా?"

కొట్టుగది జాబితా తీశాడు. పేర్లు చూడ్డానికి పాస్‌వర్డు అక్కర్లేదు. ఇరవై నాలుగు ఫైళ్ళున్నాయి. ఇరవై అయిదోది లేదు. మళ్ళీ తీశాడు. లేదు.

ప్రతి యంత్రానికీ చుట్టూ చిన్న గది కట్టి ఉంటుంది. అది దాటి దానికేమీ కనిపించదు. ఆ గదిలోనూ కొట్టుగది అనే పేరుతో ఒక మూల ఉంది. యంత్రం తనకు తెలిసిన పేరు పట్టుకుని, తన గదిలోనే ఆ మూలకు వెళ్ళి, ఉన్నదంతా అక్కడ ఒంపేసింది. పని పూర్తయిందని నిజంగానే నమ్మింది. యంత్రాన్ని ఆపిన క్షణం ఆ గదీ ఉండదు, ఆ మూలా ఉండదు.

"నేను దానికి స్వేచ్ఛ ఇచ్చాననుకున్నాను," అన్నాడు ప్రభంజన్, ఎవరితోనో అన్నట్టు.

"బ్యాటరీ ఏడు నిమిషాలుంది," అన్నారు మాస్టారు. "యంత్రం ఇంకా ఆగలేదుగా. కావలివాణ్ణి పిలు. తెరిచి ఇవ్వమను."

ఆయన లేచి రాలేదు. మీటలు ముట్టుకోలేదు. ప్రభంజనే పిలిచాడు. కొట్టుగదిలో ఫైలు తెరుచుకుంది. పట్టు అందింది. అంకె ఎనిమిది. నూటికి పది, ఇరవై, ముప్ఫై అయిదు. బ్యాటరీ కూత మొదలుపెట్టింది. అరవై దగ్గర ఒక్క క్షణం నిలిచిపోతే, ప్రభంజన్ తనకు తెలియకుండానే "పదవే, పద" అన్నాడు. నూరు పూర్తయ్యేసరికి ఇంకా నిమిషం మిగిలింది. ఈసారి అతను జాబితాను మూడుసార్లు చూశాడు.

రెండింటికి కరెంటు వచ్చింది. యంత్రాలన్నీ లేచాయి. మూడింటికి నూకరత్నం వచ్చి ఎప్పటిలాగే తెర ముందు కూర్చుంది.

ప్రభంజన్ ఆవిడ పక్కన నిలబడ్డాడు. కంఠతా వచ్చిన వాక్యాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు. "అమ్మా, పొద్దున నా వల్ల ఇది పోయేదండి. నాకు తెలుసనుకుని... మాస్టారు ఆపారు గానీ, పోయేదే."

ఆవిడ అతన్ని చూసింది. మళ్ళీ తెరను చూసింది.

"ఎప్పటికీ ఉంటుందనుకున్నాను బాబూ," అంది. "చదివేస్తే ఆయన చెప్పడం అయిపోతుందని దాచుకున్నాను. పోయేది కూడానన్నమాట." చీరకొంగు భుజం చుట్టూ లాక్కుని వెనక్కి తిరిగింది. "మాస్టారూ, అప్పుడెప్పుడో అన్నారు కదండీ, చూడొచ్చని. చూపించండి."

"చూద్దామా అమ్మా? ఇవాళే?"

"ఆయ్. ఇవాళేనండి."

మాస్టారు కుర్చీ లాక్కున్నారు. పాస్‌వర్డు కొట్టి, పొద్దున నిద్రపుచ్చిన ఫైలును చదవడానికి మాత్రమే తెరిచారు. వెతికే గడిలో 'రత్నం' అని రాశారు. అక్కడితో చేతులు వెనక్కి తీసుకుని లేచారు.

"ఈ పెద్ద మీట నొక్కండమ్మా. అంతే."

ప్రభంజన్ మెడ అప్పటికే తెరవైపు సాగింది. మాస్టారు అతని చొక్కా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించి, తలుపు దగ్గరగా వేశారు.

వరండాలోంచి రేవు కనిపిస్తోంది. పోటు మొదలైంది. తలుపు అద్దంలోంచి ఆవిడ వీపు, వంగిన తల మాత్రం కనిపిస్తున్నాయి. ఆ భుజాలు ఒకసారి కదిలాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. తెలుసుకోవాలని ప్రభంజన్‌కు ప్రాణం కొట్టుకుపోతోంది.

"నాలుగేళ్ళు తాళం మీ దగ్గరే ఉంది," అన్నాడు. "ఒక్కసారీ చదవలేదా మాస్టారూ?"

"లేదు."

"చదవాలని అనిపించలేదా?"

"ప్రతి శనివారం అనిపించేది."

కాసేపటికి తలుపు తెరుచుకుంది. నూకరత్నం చెప్పులు వేసుకుంటూ, "సగమేనండి రాశారు," అంది. మెట్లు దిగి, అంతలోనే ఆగింది. "వచ్చే నెలా వస్తానండి. దాన్ని మాత్రం ఆపకండి."

ఆవిడ రేవు మలుపు తిరిగేదాకా ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. టీ అంటారనుకున్నాడు ప్రభంజన్. ఆయన జేబులోంచి చిన్న కాగితం తీసి, దానిమీద పాస్‌వర్డు రాసి అతని చేతిలో పెట్టారు.

"వచ్చే నెల ఆవిడకు నువ్వు తెరిచి ఇవ్వు," అన్నారు. "ఇచ్చి, తలుపు దగ్గరగా వేసి, బయటికి రా."